వీధిలో పాడే హక్కు

2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఒక పాత చట్టాన్ని కొట్టివేసింది. 1329 ఫస్లీలో, అంటే 1919లో, హైదరాబాద్ సంస్థానం చేసిన నపుంసకుల చట్టం అది. నిజాం రాజ్యం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోయింది. చట్టం మాత్రం ఏలికలు మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ నూరేళ్లు దాటి బతికింది. దాని ప్రకారం హైదరాబాద్ నగరంలోని హిజ్రాల పేర్లను ప్రభుత్వం ఒక రిజిస్టరులో నమోదు చేయాలి. అలా పేరెక్కినవారు ఆడవేషంతోనో నగలతోనో వీధిలో కనిపించినా, నాట్యమాడినా, వాద్యం వాయించినా, పదిమంది చూసే వినోదంలో పాలుపంచుకున్నా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

వైజయంతి వసంత మొగిలి తదితరులు 2018లో వేసిన పిటిషన్లపై ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్ రెడ్డి ఈ తీర్పు ఇచ్చారు. రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు ఇది విరుద్ధమన్నారు. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను వర్తింపజేయాలని కూడా ఆదేశించారు. మరుసటి రోజు పత్రికల్లో ప్రాముఖ్యం పింఛనుకూ రిజర్వేషన్ల ప్రస్తావనకూ దక్కింది. అది న్యాయమే, బతుకుకు సంబంధించిన సంగతులవి. నన్ను పట్టి నిలిపింది మాత్రం ఆ చట్టంలోని ఆటపాటల మాట. దొంగతనానికీ దొమ్మీకీ శిక్ష వేయడం అర్థమవుతుంది. పాటకు రెండేళ్లు ఎందుకు?

ఆ మాట నిజాం సర్కారు సొంతంగా కనిపెట్టినదేమీ కాదు. 1871లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం తెచ్చిన నేర జాతుల చట్టపు రెండో భాగం నుంచి దాదాపు మక్కికి మక్కి ఎత్తుకున్నది. నేటి ఉత్తరప్రదేశ్‌లో అధిక భాగమైన ఆనాటి వాయవ్య రాష్ట్రాలలో అధికారులు హిజ్రాలను పూర్తిగా రూపుమాపాలనే ఉద్దేశంతోనే దాన్ని ప్రయోగించారని చరిత్రకారిణి జెస్సికా హించీ 2019లో వెలువరించిన గ్రంథంలో వలస పాలకుల సొంత దస్తావేజుల ఆధారంగా చూపించారు. రూపుమాపడమంటే చంపడం కాదు. పిల్లవాడు పుట్టిన ఇంటి ముందు బధాయి పాడి కానుక పుచ్చుకోవడమే వారి జీవనాధారం. ఆ పాటను ఆపితే గుంపు దానంతటదే చెదిరిపోతుందని లెక్క. పాటే వారిని ఒక ఇంటివారిగా, ఒక గురువు శిష్యులుగా, ఒక బస్తీ మీద హక్కుదారులుగా నిలబెడుతోందని ఆ అధికారులు కనిపెట్టారు. క్రూరులే కానీ, పరిశీలన లేనివారు కారు.

ఈ వ్యాసం నిజానికి మరో ఖండంలోని ఒక గాయక బృందం గురించి. అయినా ఇక్కడి నుంచి మొదలుపెట్టడానికి కారణముంది. సమాజం వెలివేసినవారు కలిసి పాడటం వినోదమా, రాజకీయమా అన్న ప్రశ్నకు మన చట్టాలే నూట యాభై ఏళ్ల కిందట ఒక జవాబు ఇచ్చి ఉన్నాయి.

1978 అక్టోబరు 30, సోమవారం. శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ సిమ్స్ అనే యువ సంగీత ఉపాధ్యాయుడు పిలిస్తే వందమందికి పైగా పురుషులు తొలి సాధనకు వచ్చారు. సిమ్స్ కాన్సాస్ రాష్ట్రంలోని స్మిత్ సెంటర్ అనే చిన్న ఊరివాడు. ఆ ఏడాదే గే కవాతు బ్యాండు ఒకటి నిలబెట్టి, తర్వాత గాయక బృందం మీదికి వచ్చాడు. పెట్టిన పేరు శాన్‌ఫ్రాన్సిస్కో గే మెన్స్ కోరస్. పేరులో 'గే' అన్న మాట ఉండటమే ఆనాడు ఒక ప్రకటన. కచేరీ కరపత్రం మీద, పత్రికలో సమీక్ష వస్తే అక్కడ, సభ్యుడి సొంత ఊళ్లో తల్లి చేతికి అందే ఫొటో కింద, అన్నిచోట్లా ఆ మాట ఉంటుంది. ఉద్యోగం పోవచ్చు, అద్దె ఇల్లు పోవచ్చు. ఆ పేరు కింద నిలబడి పాడటానికి వచ్చిన ప్రతివాడూ ఆ లెక్క వేసుకునే వచ్చాడు.

తేదీని గమనించండి. అప్పటికి సరిగ్గా ఎనిమిది రోజుల్లో, నవంబరు 7న, కాలిఫోర్నియా ఓటర్ల ముందు ఆరో ప్రతిపాదన ఉంది. గే, లెస్బియన్ ఉపాధ్యాయులనూ, వారిని బాహాటంగా సమర్థించేవారినీ ప్రభుత్వ పాఠశాలల నుంచి తొలగించాలనేది దాని సారం. సంగీత ఉపాధ్యాయుడు పెట్టిన బృందానికి ఇది దూరపు వార్త కాదు. ఆ ప్రతిపాదన స్పష్టమైన తేడాతో ఓడిపోయింది. దానికి వ్యతిరేకంగా రాష్ట్రమంతా తిరిగినవారిలో ముందు నిలిచినవాడు హార్వీ మిల్క్. 1977 నవంబరులో నగర పాలక మండలికి ఎన్నికయ్యాడు. తన లైంగికతను దాచుకోకుండా కాలిఫోర్నియాలో ఎన్నికైన తొలి పురుషుడు. ఉద్యోగాల్లో, ఇళ్ల అద్దెల్లో వివక్షను నిషేధించే స్థానిక చట్టాన్ని 1978లో గెలిపించి, దాని మీద సంతకానికి మేయర్ జార్జ్ మాస్కోనీకి లావెండర్ రంగు పెన్ను ఇచ్చాడు. పాలక మండలిలో ఆ చట్టానికి వ్యతిరేకంగా ఓటేసింది ఒక్కడే. పేరు డాన్ వైట్.

నవంబరు 27న, అదే డాన్ వైట్ సిటీ హాలులో మేయర్‌నూ మిల్క్‌నూ కాల్చి చంపాడు. పదవికి రాజీనామా చేసి, మనసు మార్చుకుని, తిరిగి ఇమ్మని అడిగితే మేయర్ ఇవ్వలేదన్నది తక్షణ కారణం. ఆ రోజూ సోమవారమే. బృందం సాధన చేసే సాయంత్రం. వేలాది జనం కొవ్వొత్తులు పట్టుకుని సిటీ హాలుకు నడిచారు. నాలుగు వారాల వయసు మాత్రమే ఉన్న ఆ బృందం మెట్ల మీద నిలబడి మెండెల్‌సన్ స్వరపరచిన ఒక ప్రార్థనా గీతం పాడింది. దేవుణ్ని ఆశ్రయంగా పిలిచే గీతం అది. అప్పటికి వారు ఒక్క కచేరీ కూడా చేయలేదు. తొలి బహిరంగ గానమే సంతాప గానమైంది. వారి మొదటి అధికారిక కచేరీ డిసెంబరు 20న ఒక పాఠశాల భవనంలో జరిగింది.

తర్వాతి మే నెలలో జ్యూరీ డాన్ వైట్‌కు హత్యానేరం కాకుండా తక్కువ నేరం మోపి ఏడేళ్ల ఎనిమిది నెలల శిక్షతో సరిపెడితే నగరంలో అల్లర్లు చెలరేగాయి. పోలీసు కార్లు తగలబడ్డాయి. సిటీ హాలు తలుపుల అద్దాలు పగిలాయి. ఆరునెలల కిందట పాట విన్న చోటే అది జరిగింది. పాట కోపాన్ని చల్లారుస్తుందని నమ్మేవారు ఈ రెండు రాత్రులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. నా దృష్టిలో పాట కోపాన్ని చల్లార్చలేదు. మొదటి రాత్రి దుఃఖానికి చోటిచ్చింది, అంతే. న్యాయం జరగనప్పుడు కోపం తన దారి తాను చూసుకుంది.

ఈ బృందమే మొదటిదని చెబితే చరిత్రకు అన్యాయం. 1975లోనే ఫిలడెల్ఫియాలో కాథరిన్ రోమా ఆధ్వర్యంలో ఆనా క్రూసిస్ అనే మహిళా బృందం మొదలైంది. స్త్రీవాదం, లెస్బియన్ జీవితం అందులో విడదీయరానివి. ఆ పేరు ఒక స్త్రీ పేరులా వినిపిస్తుంది కానీ అది సంగీత పరిభాషతో ఆడిన చమత్కారం. తాళం మొదటి దెబ్బ పడకముందే ఎత్తుకునే స్వరానికి పాశ్చాత్య సంగీతంలో ఉన్న పేరది. నిజంగానే వారు ముందు ఎత్తుకున్నారు. పేరు వచ్చింది మాత్రం పురుషులకు. ఉద్యమ చరిత్రలు రాసేటప్పుడు మన దేశంలోనూ ఇదే జరుగుతుంటుంది కాబట్టి ఆశ్చర్యపోనక్కర్లేదు.

1981 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో బృందం దేశమంతా తిరిగి కచేరీలు చేసింది. పాడిన ఊళ్లలో విన్నవారు తమకూ ఒకటి కావాలనుకున్నారు. సియాటిల్, న్యూయార్క్, డాలస్, మినియాపొలిస్, బోస్టన్ వంటి నగరాల్లో ఆ ఒకటి రెండేళ్లు అటూ ఇటుగా బృందాలు వెలిశాయి. 1982లో అవన్నీ ఒక సంఘంగా ఏర్పడ్డాయి. 1983లో న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో కలిసి పాడాయి. అన్నీ పేరులో 'గే' పెట్టుకోలేదు. డాలస్ బృందం ఒక వాగు పేరు పెట్టుకుంది, టర్టిల్ క్రీక్ కొరాల్ అని. సియాటిల్‌వారు పురుషుల బృందం అని మాత్రమే అన్నారు. టెక్సాస్‌లో ఆ మాట పెడితే హాలు దొరకదు, గాయకులూ దొరకరు అన్నది ఒక వాదం. మాట దాచుకునేటట్లయితే బృందం ఎందుకన్నది మరో వాదం. రెండింటిలో ఏది సరైనదో ఒడ్డున కూర్చుని తేల్చేయడం సులువు. పేరు చెప్పని డాలస్ బృందమే తర్వాతి ఏళ్లలో మృతుల కోసం అందరికంటే బాహాటంగా దుఃఖించిందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఎందుకంటే, ఆ కచేరీ యాత్ర జరిగిన నెలలోనే, 1981 జూన్ 5న, అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం వారపు నివేదికలో ఒక చిన్న కథనం వచ్చింది. లాస్ ఏంజిలస్‌లో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా సోకిందని. తర్వాత దానికి ఎయిడ్స్ అని పేరు పెట్టారు.

ఇక్కడ బృందగానం ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. పురుషుల బృందంలో సాధారణంగా నాలుగు వరుసలు ఉంటాయి. మొదటి టెనర్, రెండో టెనర్, బారిటోన్, బాస్. ప్రతి వరుసకూ ఒక పెద్ద ఉంటాడు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది అతని పని. ప్రతి సోమవారం ఒకే మనిషి పక్కన, అతని భుజం తగిలేటంత దగ్గరగా, రెండున్నర గంటలు నిలబడాలి. అతను స్వరం తప్పితే మీకు ముందు తెలుస్తుంది, జలుబు చేస్తే తెలుస్తుంది, సన్నబడితే తెలుస్తుంది. బార్‌లో ఎదురైన మనిషి మరో వారం కనిపించకపోతే ఎవరూ అడగరు. రాజకీయ సభకు రాకపోతే వేరే పని ఉందనుకుంటారు. బృందంలో మాత్రం చోటు ఖాళీగా కనిపిస్తుంది, స్వరంలో లోటు వినిపిస్తుంది. మరో చిన్న సంగతి. పాటలో ఒక స్వరాన్ని ఏ మనిషి ఊపిరికీ అందనంత సేపు నిలపాల్సి వస్తే గాయకులు ఒకేసారి శ్వాస తీయరు. ఒకరు ఆగి ఊపిరి తీసుకుంటుండగా పక్కవాడు పట్టుకుని ఉంటాడు. విన్నవారికి తెగినట్టు తెలియదు.

ఆ దశాబ్దంలో బృందాలు ఈ పద్ధతిని వేదిక కింద కూడా పాటించాయి. ఆసుపత్రికి ఎవరు వెళ్లాలి, వండిన భోజనం ఎవరు అందించాలి, అద్దె కట్టలేనివాడికి ఏం చేయాలి అన్నవి సాధన తర్వాతి ముచ్చట్లయ్యాయి. అంత్యక్రియల్లో పాడటం రోజువారీ పని అయింది. చాలామంది కుటుంబాలు కొడుకు బతికున్నప్పుడు దగ్గరికి రానివ్వలేదు. చనిపోయాక వచ్చి శరీరాన్ని తీసుకుపోయాయి. ఏళ్లు కలిసి బతికిన సహచరుడికి చట్టంలో ఏ పేరూ లేదు కాబట్టి అడ్డుచెప్పే హక్కూ లేదు. అలాంటి చోట సంస్మరణ సభ జరిపించగలిగినవారు ఈ నూరుమందే. ఇంట్లోవారు చదవడానికి ఇష్టపడని జీవితాన్ని వారు ఆ వేళ పైకి చదివేవారు.

జాన్ సిమ్స్ 1984 జులైలో ఆ వ్యాధితోనే మరణించాడు. వయసు 37. శాన్‌ఫ్రాన్సిస్కో బృందం కోల్పోయిన సభ్యుల సంఖ్య 300 దాటింది. నాలుగు వరుసల బృందంలో వారిని ఐదో వరుస అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. వేదిక మీదివారి కంటే ఆ వరుస పెద్దదయ్యే కాలం కూడా వచ్చింది. 1993లో ఎరిక్ లూస్ అనే పత్రికా ఛాయాగ్రాహకుడు తీసిన ఒక చిత్రం ప్రసిద్ధం. బృందమంతా వేదిక మీద నిలబడి ఉంటుంది. దాదాపు అందరూ నల్లటి దుస్తుల్లో, మనకు వీపు తిప్పి. ఏడుగురు మాత్రం తెల్లటి దుస్తుల్లో మనవైపు చూస్తుంటారు. తొలి బృందంలో మిగిలింది ఆ ఏడుగురే. వీపు తిప్పినవారు చనిపోయినవారికి బదులుగా నిలబడ్డవారు.

డాలస్‌లో 1991లో టర్టిల్ క్రీక్ బృందం ఎయిడ్స్ మృతుల కోసం క్రిస్టఫర్ జాన్ ఆంథోనీ రాసిన శ్రద్ధాంజలి గానాన్ని తొలిసారి పాడింది. అప్పటి నిర్దేశకుడు టిమ్ సీలిగ్. అతను అంతకుముందు హ్యూస్టన్‌లో ఒక పెద్ద బాప్టిస్టు చర్చిలో సంగీత విభాగంలో పనిచేసేవాడు. తాను గే అని 1986లో బయటపడ్డాక ఆ కొలువూ, ఆ కుటుంబ జీవితమూ పోయాయి. ఈ బృందాల్లో అలాంటివారు చాలామంది. చర్చిలో నాలుగు గొంతుల పాట నేర్చుకుని, ఆ చర్చిలోనే తలుపు మూసేయించుకున్నవారు. విద్య మాత్రం వారితో వచ్చింది. కోవెల బయటికి నెట్టేసిన భజనగాళ్లు వీధిలో సొంత గోష్ఠి పెట్టుకున్నట్టు ఊహించుకోండి.

అదే సీలిగ్ 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో బృందానికి నిర్దేశకుడయ్యాడు. 2016 ఎన్నికల్లో ట్రంప్ గెలిచాక బృందం విదేశీ యాత్ర ఆలోచన మానుకుని సొంత దేశపు దక్షిణాదికి వెళ్లాలని నిర్ణయించుకుంది. 2017 అక్టోబరులో మిసిసిపీ, అలబామా, టెనెసీ, కరొలీనాలు. యాత్రకు పెట్టిన పేరు లావెండర్ పెన్. మిల్క్ మేయర్ చేతికిచ్చిన పెన్ను అది. ఓక్లండ్ నుంచి గాస్పెల్ బృందం ఒకటి తోడు వెళ్లింది. 1965లో పౌరహక్కుల ఊరేగింపు మీద లాఠీలు విరిగిన సెల్మా వంతెన మీద అందరూ నడిచారు. ఈ యాత్ర మీద వచ్చిన డాక్యుమెంటరీని ఎక్కువమంది ప్రేమతో మెచ్చుకున్నారు. నాకు అందులో కొంచెం ఇబ్బంది ఉంది. దక్షిణాది నగరాల్లో అప్పటికే సొంత బృందాలు, సొంత పోరాటాలు ఉన్నాయి. సురక్షితమైన నగరం నుంచి బస్సులెక్కి వచ్చినవారు ధైర్యం పంచిపెట్టిపోయారన్న కథనం ఢిల్లీ నుంచి బస్తర్ వెళ్లి వచ్చే మా విలేకరుల కథనాల్లాగే వినిపిస్తుంది. ఆ మాట అన్నాక ఇంకో మాటా అనాలి. ఆ మూడు వందల మందిలో చాలామందికి అది విహారయాత్ర కాదు, పారిపోయి వచ్చిన ఊరికి తిరిగి వెళ్లడం.

2021లో అదే బృందం వ్యంగ్యంగా ఒక పాట వీడియో పెట్టింది. 'మీ పిల్లల్ని మార్చేస్తాం' అని భయపెడుతున్నట్టు మొదలై, మార్చేది ద్వేషం నుంచి సహనానికి అని అర్థం వచ్చేట్టు ముగిసే పాట. ఎగతాళిని నిజమైన బెదిరింపుగా ప్రచారం చేశారు. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. వీడియోను కొన్నాళ్లు దాచాల్సి వచ్చింది. వ్యంగ్యం బలహీనుడి ఆయుధమంటారు కానీ, దాన్ని కత్తిరించి ఎదుటివాడి చేతికి ఇవ్వడం ఈ రోజుల్లో క్షణం పని. మన దగ్గర హాస్యనటుల కేసులు చూసినవారికి వేరే వివరణ అవసరం లేదు.

భారతదేశానికి వస్తే, ఇక్కడ క్రమం తలకిందులుగా ఉంటుంది. అక్కడ మహమ్మారి వచ్చేసరికి పాడుతున్న సమూహం ఒకటుంది. ఇక్కడ మహమ్మారి మీద పోరాటానికి వచ్చిన నిధులే సమూహాన్ని చేరదీశాయి. 1994లో 377వ సెక్షన్ మీద ఢిల్లీ హైకోర్టులో పడిన తొలి పిటిషన్ ఎయిడ్స్ భేదభావ్ విరోధీ ఆందోళన్‌ది. తీహార్ జైల్లో ఖైదీలకు కండోములు ఇవ్వడానికి అధికారులు నిరాకరించడంతో పుట్టింది. తర్వాతి ఇరవై ఏళ్లు జిల్లా జిల్లాకూ వెలిసిన సంఘాలు ఎక్కువగా ఆరోగ్య ప్రాజెక్టులు. మన ఊళ్లలో కోతీలూ హిజ్రాలూ మొదటిసారి ఒక గదిలో కుర్చీల్లో కూర్చుని సమావేశం జరుపుకున్నది ఆ ప్రాజెక్టుల పుణ్యమే. అయితే రిజిస్టరులో వారు మనుషులుగా కాక 'హైరిస్క్ గ్రూప్'గా నమోదయ్యారు. 1919 నాటి రిజిస్టరు తర్వాత ఇది ఇంకో రిజిస్టరు. ఉద్దేశం మంచిదే.

2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు 377ను సడలించింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగదోడింది. ఈ దేశ జనాభాలో వీరు అతి స్వల్ప భాగమన్నది ఆ తీర్పులోని తర్కాల్లో ఒకటి. లెక్కలో తక్కువైతే హక్కూ తక్కువే అన్నట్టు. మరుసటి ఏడాది, 2014లో, ముంబైలో రెయిన్‌బో వాయిసెస్ అనే బృందం మొదలైంది. దేశంలో ఇలాంటి వాటిలో ఇది మొదటిదిగా పేరు పొందింది. సుప్రీంకోర్టు లెక్కలో వారు స్వల్పులే కాక, చట్టం ముందు నేరస్థులయ్యే అవకాశం ఉన్నవారు కూడా. ఆ స్థితిలో వేదికెక్కి వరుసల్లో నిలబడటమంటే తమను తామే లెక్కపెట్టి చూపించడం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1978లో పేరు పెట్టుకున్న ధైర్యం కంటే ఇది తక్కువదని నేననుకోను.

2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 377 కోరలు పీకింది. 2019లో లండన్ నుంచి పింక్ సింగర్స్ ముంబైకి వచ్చి రెయిన్‌బో వాయిసెస్‌తో కలిసి పాడారు. 1983లో పుట్టిన బృందం అది. 377ను రాసి మన మీద రుద్దిన దేశం నుంచి, ఆ సెక్షన్ పోయిన కొద్ది నెలలకే, పాడేవారు వచ్చి ఇక్కడివారి పక్కన నిలబడ్డారు. దౌత్య పర్యటనలు ఎన్నో రాశాను కానీ ఇలాంటి దానికి ఏ ప్రభుత్వమూ సంయుక్త ప్రకటన విడుదల చేయదు.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. నాలుగు గొంతుల బృందగానం మన దేశంలో ఎక్కువగా చర్చి ద్వారా, ఆంగ్ల పాఠశాలల ద్వారా పెరిగింది. దాని చుట్టూ ఒక నగర మధ్యతరగతి వాసన ఉంటుంది. బధాయి పాడే హిజ్రా గొంతూ, కొమురవెల్లి మల్లన్న దగ్గర పూనకంతో పాడే శివసత్తి గొంతూ ఈ వరుసల్లో ఎక్కడ నిలబడతాయి? 2016లో ఆరుగురు ట్రాన్స్‌జెండర్ గాయకులతో సిక్స్ ప్యాక్ బ్యాండ్ వచ్చింది. దేశమంతా చూసింది, కాన్ ప్రకటనల ఉత్సవంలో పెద్ద బహుమతి గెలుచుకుంది. కానీ అది ఒక టీ పొడి కంపెనీ ప్రచారం కోసం సినిమా సంస్థ తయారుచేసింది. ప్రచారం పూర్తయ్యాక మాటే మిగిలింది. వారం వారం సాధనకు వచ్చి, రాని మనిషి ఇంటికి వెళ్లి చూసే సమూహం తయారు కాలేదు. దాన్ని తప్పుపట్టను, అది ఆ పనికి పెట్టినది కాదు. బృందమూ బ్రాండూ ఒకటి కావని మాత్రం గుర్తించాలి.

కలిసి పాడటమంటే రాజకీయమేనన్న సంగతి తెలుగువారికి ఒకరు చెప్పనక్కర్లేదు. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి బుర్రకథతో, బృందగానాలతో ఊళ్లను కదిలించింది. మద్రాసు ప్రభుత్వం 'మాభూమి' నాటకాన్ని నిషేధించింది. మన ఉద్యమ గాన చరిత్ర ఇంత గర్వంగా చెప్పుకునే మనం, అదే కాలంలో హైదరాబాద్ వీధుల్లో మరో సమూహపు ఆటపాటలకు రెండేళ్ల శిక్ష ఉండేదని ఎక్కడా రాసుకోలేదు. భూస్వామికి వ్యతిరేకంగా పాడిన పాట చరిత్రకెక్కింది. పురుటింటి గడప ముందు పాడిన పాట పోలీసు రిజిస్టరుకెక్కింది.

2018 తీర్పుకూ 2023 జులై నాటి హైదరాబాద్ తీర్పుకూ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. మొదటిది ప్రధానంగా నాలుగు గోడల మధ్య ఇద్దరు మనుషుల ఏకాంతాన్ని కాపాడింది. అవసరమే. రెండోది వీధిని తిరిగి ఇచ్చింది. కానీ గదికీ వీధికీ మధ్య ఇల్లు ఉంటుంది. ఇంటి సంగతి ఏ తీర్పులోనూ తేలలేదు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం 12వ సెక్షన్ చూడండి. పుట్టిన కుటుంబంతో కలిసి ఉండే హక్కు ఇచ్చింది. ఆ కుటుంబం చూసుకోలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపాలంది. గురువు ఇల్లు, స్నేహితుల ఇల్లు, తమకు తాము కూర్చుకున్న కుటుంబం అందులో లేవు. 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు కేసులో సుప్రీంకోర్టు ఐదుగురూ ఏకగ్రీవంగా పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. సహజీవన బంధానికి చట్టబద్ధ గుర్తింపునూ ముగ్గురు కాదన్నారు. సమీక్షా పిటిషన్లు 2025 జనవరిలో వీగిపోయాయి.

ఆ తీర్పులో నమోదైన హామీ ప్రకారం కేంద్రం 2024లో క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. కొన్ని మంత్రిత్వ శాఖలు లేఖలు పంపాయి. రేషన్ కార్డులో సహచరులను ఒకే ఇంటివారిగా చూడవచ్చని ఆహార శాఖ చెప్పింది. ఉమ్మడి బ్యాంకు ఖాతాకు అడ్డు లేదని ఆర్థిక శాఖ చెప్పింది. ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖలో, సహచరుడి మృతదేహాన్ని అంత్యక్రియల కోసం తీసుకునే వీలు కల్పించాలని ఉంది. ఎయిడ్స్ కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో, డాలస్‌లో ఆ గాయకులు ఏ గుమ్మం దగ్గర ఆగిపోవాల్సి వచ్చిందో సరిగ్గా ఆ గుమ్మమది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు మాత్రమే, అని షరతు.